టైమింగ్ బెల్టు ఒక్కటే మార్చకు బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. కారు కొన్నందుకు సంతోషం. టైమింగ్ బెల్టు సంగతి నువ్వే గుర్తుపెట్టుకుని అడిగినందుకు ఇంకా సంతోషం. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు టైర్లు చూస్తారు, ఏసీ చూస్తారు, సీటు కవర్లు మార్చేస్తారు. ప్లాస్టిక్ కవరు వెనక తిరిగే ఆ రబ్బరు బెల్టు మాత్రం ఎవరికీ గుర్తురాదు. అయితే నువ్వు రాసిన ఒక్క మాట చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది. "బెల్టు ఒక్కటి మారిస్తే చాలన్నాడు మెకానిక్, మిగతావన్నీ బాగానే ఉన్నాయట" అన్నావు చూడు, ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ బెల్టు చేసే పనేంటో చెప్తాను, అప్పుడు నా బాధ నీకు తెలుస్తుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ ఇంజన్ అడుగున ఉంటుంది. గాలినీ పొగనీ వదిలే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ పైన ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేదే పళ్ల బెల్టు. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, ఒక్క పన్ను కూడా తేడా రాకూడదు. ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద, అంటే నిమిషానికి 3000 చుట్ల మీద ఉందనుకో, ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. ఇప్పటి ఇంజన్లలో చాలావాటిలో తెరుచుకున్న వాల్వు దిగే చోటికే పిస్టన్ కూడా వస్తుంది. వేర్వేరు క్షణాల్లో వస్తాయి కాబట్టి రెండూ గుద్దుకోవు. వీటినే ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు అంటారు. బెల్టు తెగిందంటే క్యామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం బండి ఊపుకి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఉండిపోయిన వాల్వులను పిస్టన్లు వచ్చి కొడతాయి. వాల్వులు వంగుతాయి, అవి జారే గైడ్లు పగలొచ్చు, ఒక్కోసారి పిస్టన్లే దెబ్బతింటాయి. ఇక వాల్వులుండే పై భాగం, అదే హెడ్డు, దించాల్సిందే. కొన్ని ఇంజన్లకి ఈ గొడవ లేదు, బెల్టు తెగితే బండి ఆగిపోతుందంతే. నీది ఏ రకమో తేలేదాకా మొదటి రకమే అనుకో.

గడువు ఇంజన్‌ని బట్టి మారుతుంది. చాలావాటికి లక్ష కిలోమీటర్లకి అటూఇటూ పెడతారు, దాంతోపాటు ఇన్నేళ్లకి అని కూడా ఉంటుంది. ఏది ముందొస్తే అదే లెక్క. బండి షెడ్డులో కదలకుండా ఉన్నా రబ్బరుకి వయసొస్తుంది. "పైకి కొత్తదానిలా ఉంది, ఒక్క పగులు కూడా లేదు" అని రాశావు. ఆ చూపుని నమ్మకు. పాత రోజుల బెల్టులు నియోప్రీన్‌వి, అవి పగుళ్లు చూపించి చెప్పేవి. ఇప్పటివి ఎక్కువగా హెచ్‌ఎన్‌బీఆర్ అనే రబ్బరుతో చేస్తారు, అవి చివరిదాకా నున్నగానే ఉండొచ్చు. బరువు మోసేది లోపలి గాజు నారల తాళ్లు, అవి కంటికి కనబడవు. పాత ఓనరు దగ్గర బెల్టు మార్చిన బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకో.

ఇక అసలు సంగతి. బెల్టు దానంతట అది తెగే సందర్భాలు ఉంటాయి, కానీ దాని చుట్టూ ఉన్నవి పాడై దాన్ని చంపే సందర్భాలు తక్కువేం కాదు. బెల్టుని బిగువుగా పట్టే టెన్షనర్ నీరసపడితే బెల్టు వదులై పళ్లు దాటుతుంది. బెల్టుని దాని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టయినా రాసుకుని రాసుకుని కాలి తెగుతుంది. చాలా ఇంజన్లలో వాటర్ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే, దాని బేరింగ్ పోయినా అదే కథ. ఇవన్నీ పాత బెల్టుతో పాటు అన్నే కిలోమీటర్లు తిరిగాయి. పైగా వీటిలో ఏది మార్చాలన్నా మళ్లీ ఇంజన్‌ని పట్టి ఉంచే అదే మౌంటు విప్పాలి, అదే క్రాంక్ పుల్లీ తీయాలి, అదే కవరు ఊడదీయాలి. ఖర్చులో పెద్ద వాటా ఆ విప్పడానికీ బిగించడానికీ పోతుంది. అంతా విప్పి కళ్లముందు పెట్టుకుని, పాత బేరింగుల మీద కొత్త బెల్టు వేయడం నాకు ఏమాత్రం మింగుడుపడదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే అది.

"మిగతావి బాగానే ఉన్నాయి" అని మెకానిక్ ఎలా తేల్చాడో కూడా నేను ఊహించగలను. పుల్లీని వేలితో తిప్పి చూసుంటాడు, అది గిర్రున తిరిగుంటుంది. నువ్వూ చేసి చూడు. కొత్త ఐడ్లర్‌ని చేతిలో పట్టుకుని ఒక్కసారి తిప్పితే నిండా గ్రీజుతో కాస్త బరువుగా, చప్పుడు లేకుండా కొద్దిగా తిరిగి ఆగిపోతుంది. పాతదాన్ని తిప్పితే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే పొడిగా గరగరమంటుంది. అంత తేలిగ్గా తిరుగుతోందంటే లోపల గ్రీజు ఎండిపోయిందన్నమాట. బాగుందనిపించేదే పాడైన గుర్తు. వాటర్ పంపుకి కూడా కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాని దగ్గర ఎండిపోయిన కూలెంట్ చారలు కనబడితే సీలు కారుతోందని అర్థం.

కాబట్టి బెల్టు, టెన్షనర్, ఐడ్లర్లు, పంపు ఈ బెల్టు మీదే ఉంటే అది కూడా, అన్నీ కలిపి ఒకేసారి మార్పించు. క్యామ్, క్రాంక్ ముందుండే ఆయిల్ సీళ్లు చెమర్చినట్టు ఉన్నా వదలొద్దు. ఆయిల్ తగిలిన బెల్టు మెత్తబడి ఉబ్బుతుంది, నువ్వు కొన్నది ఎంత మంచిదైనా సరే. బయటి ఫ్యాన్ బెల్టు కూడా పాతదైతే మార్చెయ్. అది తెగి ముక్కలు కవరులోకి దూరి టైమింగ్ బెల్టుని పళ్లు తప్పించిన బండ్లున్నాయి.

పార్టుల దగ్గరికొద్దాం. కార్ల కంపెనీలు సాధారణంగా బెల్టులు సొంతంగా చేసుకోవు, వేరేవాళ్ల దగ్గర చేయించుకుని తమ డబ్బాలో పెడతాయి. బెల్టుల్లో గేట్స్, కాంటినెంటల్, డేకో, మిత్సుబోషి, బాండో పేర్లు నమ్మదగ్గవి. బేరింగులకి, టెన్షనర్లకి ఐఎన్‌ఏ, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్, కోయో, ఎన్‌ఎస్‌కే. వాటర్ పంపుల్లో ఐసిన్, సీళ్లలో ఎన్‌ఓకే. నీ ఇంజన్‌కి కంపెనీ నుంచి వచ్చేటప్పుడు వేసింది ఎవరిదో తెలుసుకుని అదే తయారీదారుది తీసుకుంటే, షోరూమ్ డబ్బా లేకపోయినా నాణ్యత తగ్గదు.

డబ్బా మీద పేరు చూసి ఊరుకోకు, డబ్బాలోంచి తీసి పార్టు మీద అచ్చు చూడు. ఇవన్నీ ఒకే డబ్బాలో పెట్టి కిట్టు పేరుతో అమ్మేవాటిలో నేను ఎక్కువగా భయపడేది ఇక్కడే. బెల్టు మంచి కంపెనీది పెడతారు, దాని పేరు పెద్దక్షరాలతో రాస్తారు, బేరింగుల మీద మాత్రం ఎవరి పేరూ ఉండదు. ఆ కిట్టు నీకొద్దు. ఇంకోరకం కూడా తగులుతుంది: పుల్లీ మీద కార్ల కంపెనీ గుర్తుని గీకేసిన ఆనవాలు, పక్కనే అసలు తయారీదారు పేరు. దాన్ని చూసి డూప్లికేట్ అని కంగారుపడకు. కంపెనీకి ఇచ్చే సరుకునే విడిగా అమ్మేటప్పుడు ఆ గుర్తు తీసేస్తుంటారు.

డూప్లికేట్లు మాత్రం నిజంగానే ఉన్నాయి, అదీ పేరున్న బ్రాండ్లకే. అందరూ చెప్పే ధరలో సగానికే ఎవరైనా ఇస్తానంటే అక్కడే ఆగు. డబ్బా మీద స్కాన్ చేసే కోడ్ ఉంటే స్కాన్ చేసి తయారీదారు దగ్గర సరిచూసుకో. అక్షరాలు మసకగా ఉన్నా, గోటితో గీస్తే రంగు ఊడినా వెనక్కిచ్చెయ్. అన్నిటికంటే మేలు ఆ బ్రాండ్ అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనడం. పార్టు నంబరు కారు పేరుతో వెతకొద్దు, ఛాసిస్ నంబరుతో వెతికించు. ఒకే మోడల్‌లో మధ్యలో ఇంజన్ మారితే బెల్టు పళ్ల సంఖ్య, వెడల్పు మారిపోతాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టడం మెకానిక్‌కి చాదస్తంగా అనిపించినా లెక్కపెట్టించు. కొత్త బెల్టుని మడవడం, మెలితిప్పడం, లోపలివైపు బయటికి తిరగేయడం అస్సలు చేయొద్దు. లోపలి తాళ్లు చిట్లితే పైకి తెలియదు.

బిగించేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ ఉన్న మెకానిక్ అయితే సగం భయం పోయినట్టే. టెన్షనర్ బోల్టులు బిగువుని కొలిచే టార్క్ రెంచితోనే బిగించాలి, చేతి అంచనాతో కాదు. బిగించినప్పుడు సాగి, ఒక్కసారికే పనికొచ్చే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. అంతా అయ్యాక తొందరపడి సెల్ఫ్ కొట్టనివ్వకు. లాకింగ్ టూల్స్ తీసేసి, క్రాంక్ బోల్టుకి పానా పెట్టి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పించు. కంప్రెషన్ వల్ల మధ్యలో బిగువుగా అనిపించి మళ్లీ వదులవుతుంది, అది మామూలే. గట్టిగా ఇనుముకి ఇనుము తగిలినట్టు ఆగితే మాత్రం ఒక్క అంగుళం కూడా బలవంతపెట్టొద్దు, ఎక్కడో వాల్వు పిస్టన్‌కి తగులుతోంది. రెండు చుట్లూ హాయిగా తిరిగితే క్రాంక్, క్యామ్ పుల్లీల మీది మార్కులన్నీ మళ్లీ ఎదురెదురుగా వచ్చి నిలబడాలి, టెన్షనర్ సూచిక దాని గీత మీదే ఉండాలి. అప్పుడు స్టార్ట్ చేయొచ్చు. సన్నగా కూత వినిపిస్తే బెల్టు మరీ బిగువైందేమో చూడాలి. పంపు కూడా మార్చి ఉంటే కంపెనీ చెప్పిన రకం కూలెంటే పోసి, గాలి బుడగలు లేకుండా తీయించు.

ఒకటి మర్చిపోయాను. కొన్ని కొత్త ఇంజన్లలో బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుంది. నీది అదే రకమైతే కంపెనీ చెప్పిన గ్రేడ్, స్పెసిఫికేషన్ ఉన్న ఆయిలే పోయాలి, ఆయిల్ మార్చే గడువు కూడా దాటకూడదు. లేకపోతే బెల్టు కరిగి ఆ పొట్టు ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది.

పని అయ్యాక పాత పార్టులన్నీ అడిగి తీసుకో, తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కరు మీద రాసి కవరు మీద అతికించు. అప్పటిదాకా దూర ప్రయాణాలు పెట్టుకోవద్దు. ముందు నాకు ఇంజన్ కోడ్, ఛాసిస్ నంబరు పంపు, మెకానిక్ చూపించిన కిట్టు ఫోటో కూడా జత చెయ్. డబ్బాది కాదు, లోపలి పుల్లీలవి. పార్టు నంబర్లు సరిచూసి రాస్తాను, అందాకా కొనకు.

ఇట్లు
నీ స్నేహితుడు