గువ్వలచెరువు కోవా అంగడి అక్కకు, పెద్దాయనకు, ఆ లారీ డ్రైవరన్నకు

మొన్న శనివారం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, రాయచోటి నుంచి కడప వచ్చే దారిలో ఉన్న గువ్వలచెరువులో మీ అంగడి ముందు బైకు ఆపి, స్టాండు కూడా వేయలేక అట్లాగే నిలబడిపోయినవాడిని నేనే. అక్కా, పెద్దాయనా, మీ పేర్లు అడగలేదు. అడిగే స్థితిలో లేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా వాళ్ళకు ఇది చదివి వినిపిస్తే మీ మేలు మరచిపోను.

మదనపల్లెలో మా చిన్నమామకు ఒంట్లో బాగాలేదంటే చూడటానికి పోయాను. పొద్దున కడపలో బయలుదేరినప్పుడు ఎండ ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊర్లో పుట్టి పెరిగినవాళ్ళం, స్వెటరు వెంట పెట్టుకోవాలని మనకు తోచదు. మదనపల్లె మన కడప కంటే ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. సాయంత్రానికి అల్పపీడనం ముసురు పట్టుకుంది. గుర్రంకొండ దాటేసరికి చొక్కా, ప్యాంటు తడిసి ఒంటికి అంటుకున్నాయి. రాయచోటిలో ఆగిపోవాల్సింది. ఇంకా యాభై కిలోమీటర్లే కదా అని వచ్చేశాను. తప్పు నాదే.

తడి బట్టల మీద బండి గాలి కొడుతుంటే ముందు వేళ్ళు మంట పుట్టాయి, తర్వాత ఏమీ తెలియకుండా పోయాయి. క్లచ్ పట్టుకున్నానో లేదో చేతి వైపు చూస్తే గానీ తెలియలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గువ్వలచెరువు దగ్గరికి వచ్చేసరికి వణుకు తగ్గింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. హమ్మయ్య, చలి తగ్గింది అనుకున్నాను. నర్సుగా చేసే మా చెల్లెలు ఇంటికొచ్చాక ఈ మాట విని భయపడిపోయింది. ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీలు ఉంటుందట, 35 కంటే దిగితే ప్రమాదమట. ఆరకుండా, వెచ్చబడకుండా వణుకు ఆగిపోయిందంటే అది తగ్గడం కాదు, ముదరడమట. ఆ స్థితిలో నేను గువ్వలచెరువు నుంచి కడప వైపు ఘాట్ రోడ్డు దిగబోతున్నాను.

అక్కా, నువ్వు నన్ను కోవా కావాలా అని అడిగావు. నేనేదో చెప్పాను, మాట ముద్దముద్దగా వచ్చింది. నువ్వు వెంటనే నా బండి తాళం తీసేసి, "మామా, ఈ అబ్బిని చూడు" అని లోపలికి కేక వేశావు. ఆ తాళం తీసిన నీ చెయ్యి నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

లోపల కట్టెల పొయ్యి మీద పెద్ద బాండలిలో పాలు ఇగురుతున్నాయి. చేతులు మంటలో పెట్టబోతే పెద్దాయన పట్టుకొని ఆపాడు. "మొద్దుబారిన వేళ్ళకు కాలేది కూడా తెలీదు నాయనా, ముందు తడి గుడ్డలు విప్పు" అన్నాడు. తన చొక్కా ఇచ్చాడు, దుప్పటి కప్పాడు, పొయ్యికి కొంచెం దూరంగా స్టూలు వేసి కూర్చోబెట్టాడు. అక్క వేడి పాలలో చక్కెర బాగా వేసి, గ్లాసు నా చేతిలో నిలవదని తనే పట్టుకొని తాపింది. మా అమ్మ పోయాక నాకు ఎవరూ అట్లా తాపలేదు.

కోవా చేసేవాళ్ళకు తెలుసు, పాలు చిక్కబడే సమయంలో గరిటె ఆపకూడదు. నా కోసం ఇద్దరూ పొయ్యి వదిలేశారు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. ఆ బాండలి మొత్తం అడుగంటింది. ఎన్ని లీటర్ల పాలో, ఎంతసేపటి కష్టమో! డబ్బు తీయబోతే అక్క నా చెయ్యి పక్కకు తోసి, "రేపు మళ్ళీ పాలు పోస్తారులే" అంది. అంతే, ఇంకో మాట మాట్లాడలేదు.

గంటకు పైగా కూర్చున్నాక మళ్ళీ వణుకు వచ్చి, మెల్లగా తగ్గి, వేళ్ళు ఆడాయి. చొక్కా లోపల ఎదకు పాత పేపర్లు పెట్టారు, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశారు. గాలి ఆగడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు.

టీ తాగడానికి ఆగిన టమోటా లోడు లారీ అన్నా, ఇదంతా చూసి నువ్వే వచ్చావు. "నువ్వు ముందర నిదానంగా పో, నీ వెనకాల్నే లైట్లేసుకొని వస్తా" అన్నావు. ఎన్నో ప్రమాదాలు జరిగిన ఘాట్ అది. వాన, చీకటి. నేను సెకండ్ గేరులో దిగుతుంటే నువ్వు లోడు బండిని అంతే నిదానంగా నడిపావు, ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ప్రతి మలుపులో నీ లైట్ల వెలుగు నాకంటే ముందు రోడ్డు మీద పడేది. కొండ దిగాక మాత్రం రెండుసార్లు హారన్ కొట్టి దాటిపోయావు. బండి నంబరు చూసుకోలేదు. టమోటాలు ఆలస్యమైనందుకు మార్కెట్లో నిన్ను ఎవరూ ఏమీ అనకుండా ఉంటే బాగుండు అనుకుంటూ ఇంటికి చేరాను.

పెద్దాయన చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. వచ్చే ఆదివారం పగటిపూట, మా ఆవిడను, పిల్లలను తీసుకొని బస్సులో వస్తాను. అక్కా, మూడు కిలోల కోవా ఎత్తిపెట్టు. ఈసారి డబ్బు తీసుకోవాలి.