పిన్నీసు పెట్టకు నాన్నా

నాన్నా,

ఆదివారం స్కూటర్ కార్బొరేటర్, అదే గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేది, విప్పేస్తానని నిన్న ఫోన్లో అన్నావు. నేను అరిచింది నీకు వినపడలేదు, ఈలోపు లైను కట్టయింది. విప్పొద్దని కాదు నేనన్నది, నా ఉత్తరం అందేదాకా ఆగమన్నాను. మూడేళ్లు మూలన పడున్న బండి, ఇంకో పది రోజులుంటే ఏం కాదు. నీకు అంత ఓపిక ఉండదని తెలుసు కాబట్టి ఈ కాగితాలు ఫోటో తీసి తమ్ముడి ఫోన్‌కి కూడా పంపుతున్నా. వాడితో చదివించుకో.

ఇది నాకు పాఠాలు చెప్పడమేమిటి అనుకుంటున్నావు కదూ. మూడు వారాలుగా నేను పడుతున్న పాటు అదే. చలికాలం ముందు పాత బైకు కొన్నానని చెప్పాగా, నాలుగు సిలిండర్లది. నాలుగింటికీ నాలుగు కార్బొరేటర్లు, వరసగా ఒకే పట్టీకి బిగించి ఉంటాయి. అమ్మినాయన దాన్ని ఎన్నేళ్లు షెడ్డులో వదిలేశాడో గానీ, అడుగున ఉండే పెట్రోల్ గిన్నె విప్పగానే వార్నిష్ డబ్బా మూత తీసినట్టు గుప్పుమంది. రోజూ ఆఫీసు నుంచి రాగానే గరాజ్‌లో దూరిపోతున్నా. నీ అల్లుడు ఆ వైపు రావడమే మానేశాడు, ఆ వాసనకి తలనొప్పట.

నీ బండి చోక్ వేసి పెట్రోలు పాలు పెంచితే స్టార్టవుతోంది, తీయగానే చచ్చిపోతోంది అన్నావు. నాదీ అదే వరస. అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల జెట్లలో మెయిన్ జెట్ కాదు, పక్కనుండే చిన్న పైలట్ జెట్ మూసుకుపోయింది. యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు తిప్పేదాకా పెత్తనమంతా దానిదే. ఆ తర్వాత పెట్రోలు దారిలో పైకీ కిందికీ కదిలే సూది, ముప్పావు దాటాకే మెయిన్ జెట్. నిలవున్న పెట్రోల్లో తేలికైనది ఆవిరైపోయి మిగతాది జిగురవుతుంది. ఆ జిగురు ముందు పట్టుకునేది అన్నిటికన్నా సన్న రంధ్రాన్నే. నా జెట్ మీద 38 అని ఉంది, ఈ కంపెనీ లెక్కలో అది 0.38 మిల్లీమీటర్ల రంధ్రం. అందరి నంబర్లూ ఇలా కాదు, కొందరు నిమిషానికి ఎంత పారుతుందో కొలిచి నంబరేస్తారు. కాబట్టి నంబరు చూసి వేరే కంపెనీ జెట్ తెచ్చి పెట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. చిన్నప్పుడు నువ్వు బండి విప్పితే అమ్మ గాజుకున్న పిన్నీసు అడిగి తెమ్మనేవాడివి, గుర్తుందా? జెట్‌లో పిన్నీసు గుచ్చి, ఉఫ్ అని ఊది, నా చేతికిచ్చి "వెలుతురు కనపడుతోందా చూడు" అనేవాడివి. వెలుతురు చూడమనడం మంచిదే, పిన్నీసే తప్పు. జెట్ ఇత్తడి, పిన్నీసు ఉక్కు. గుచ్చిన ప్రతిసారీ రంధ్రం అంచు కాస్త గీరుకుపోతుంది. 0.38 కాస్తా 0.40 అయిందనుకో, కంటికి తెలియదు గానీ వైశాల్యంలో పదో వంతు పైగా పెరిగినట్టు. మన పాత బండి అంత నల్లపొగ ఎందుకు వదిలేదో నాకు ఇప్పుడు అనుమానంగా ఉంది. ఏమనుకోకు.

కరెంటు వైరు లోపలి సన్న రాగి పోగు ఒకటి తీసుకో. రాగి మెత్తన, ఇత్తడిని గీకదు. కార్బొరేటర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, తర్వాత ఆ పోగుతో నెమ్మదిగా తోసి చూడు. బలవంతం పెట్టకు, వెళ్లకపోతే మళ్లీ నానబెట్టు. వెలుతురుకెత్తి చూస్తే చుక్క గుండ్రంగా, అంచులు పదునుగా కనపడాలి. మసగ్గా ఉంటే ఇంకా జిగురు ఉన్నట్టే. నేను మాత్రం సౌకర్యం మరిగి అల్ట్రాసోనిక్ తొట్టి కొన్నాను. నీళ్లలో శబ్ద తరంగాలు చిన్న చిన్న బుడగలు పుట్టించి పగలగొడతాయి, ఆ దెబ్బకి మూలల్లో మురికి ఊడొస్తుంది. బయటికి తీస్తే బాడీ కొత్తదానిలా మెరిసింది. ఆ మెరుపు చూసే మోసపోయాను.

నాలుగూ కడిగి, కొత్త రబ్బర్లు వేసి, బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ కుంటుతోంది. సైలెన్సర్ గొట్టాల మీద తడివేలు విదిలించాను. మూడింటి మీద నీటిచుక్క చుయ్‌మని ఎగిరిపోయింది. మూడో నంబరు గొట్టం మీద చుక్క అలాగే కూర్చుంది, తీరిగ్గా. అంటే ఆ సిలిండర్ మండడం లేదు. మళ్లీ విప్పాను, మళ్లీ కడిగాను, మళ్లీ అదే. రెండోసారి విప్పేటప్పుడు నాలుగు స్క్రూల తలలు అరగ్గొట్టేశాను కూడా. జపాన్ బళ్ల స్క్రూల మీద ప్లస్ గుర్తు మామూలు స్క్రూడ్రైవర్‌కి సరిపోదట, దానికి వేరే కొలతది ఉంటుంది. ఆ రాత్రి ఏడుపొక్కటే తక్కువ.

మూడోసారి విప్పేముందు పాత రబ్బరు ముక్కలు పడేసిన డబ్బా మూత బోర్లించి లెక్కపెట్టాను. గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ కింద ఒక స్ప్రింగు, చిన్న వాషరు, దానికింద ఆవగింజంత రబ్బరు ఓ-రింగు ఉంటాయి. నాలుగు కార్బొరేటర్లకి నాలుగు పాత రింగులు ఉండాలి కదా. మూడే ఉన్నాయి! మొదటిరోజు నాలుగోది కింద పడి దొర్లిపోయిందనుకున్నాను. టార్చి వేసి మూడో నంబరు కార్బొరేటర్ రంధ్రంలో చూస్తే అడుగున నల్లటి వలయం, గోడకి అంటుకుని. దానిమీదే కొత్తది వేసి బిగించాను. స్క్రూ మొన ఆ పాతదాన్ని తొక్కితే అది ముక్కై, ముక్క వెళ్లి పెట్రోలు బయటికొచ్చే సూదిబెజ్జంలో ఇరుక్కుంది. సన్న తీగ కొస వంచి కొక్కెం చేసి లాగాను. ఆవగింజలో సగం లేదు. మూడు వారాల్లో రెండు వారాలు దాని ఖాతాలోకే పోయాయి.

కాబట్టి నీ బండి విప్పేముందు ఒక గుడ్డ పరిచి, తీసిన వరసలోనే పెట్టు. మిక్స్చర్ స్క్రూ తీసేముందు నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో అమ్మతో రాయించు. ఆగాక ఇంకా బిగించకు, కూర్చునే చోటు చెడిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి. అక్కణ్నుంచి ట్యూన్ చేసుకోవచ్చు. ఆ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపుంటే అది గాలిని తగ్గించేది, ఇంజన్ వైపుంటే పెట్రోల్‌ని. బయటికి తిప్పితే ఒకదాంట్లో పెట్రోలు పాలు తగ్గుతుంది, రెండోదాంట్లో పెరుగుతుంది. ఇది తెలియక జనం అటు తిప్పి ఇటు తిప్పి బండిని తిడతారు.

గిన్నెలోంచి పెట్రోలు కారుతోందన్నావు కదా, దానికి ఫ్లోట్ సూది చూడు, గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోల్‌ని ఆపేది అదే. మొన చుట్టూ గీతలా గాడి పడుంటే మార్చెయ్, సానబెట్టి లాభం లేదు. కార్బొరేటర్‌ని తలకిందులు చేసి, ఫ్లోట్ తన బరువుతో సూది మీద ఆనాక, పెట్రోలు గొట్టం తగిలించే చోట చిన్న ట్యూబు పెట్టి ఊదు. గాలి పోకూడదు. నేరుగా నోరు పెట్టకు, నాకు ఆ రుచి రెండు రోజులు పోలేదు. ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపు, లోపల పెట్రోలు గలగలమంటే చిల్లి పడినట్టే.

నీ బండిలో గాలి దారిని తెరిచే స్లైడ్‌ని కేబులే లాగుతుంది కాబట్టి నీకు డయాఫ్రమ్, అంటే దాన్ని పైకెత్తే పల్చటి రబ్బరు పొర, బాధ లేదు. నాకుంది. క్లీనర్ స్ప్రే పొరపాటున దానిమీద పడి రబ్బరు ఉబ్బిపోయింది, గాడిలో కూర్చోదు. కొత్తది ఎక్కడ దొరుకుతుందా అని టెన్షన్ పడి పడుకుంటే, పొద్దునకి ఆరి దాని సైజుకి అదే వచ్చేసింది. నీ దాంట్లో కూడా రబ్బరువన్నీ తీశాకే స్ప్రే కొట్టు. కళ్లజోడు పెట్టుకునే కొట్టు. ఒక రంధ్రంలో కొడితే ఇంకోదాంట్లోంచి సరిగ్గా కంట్లోకే వస్తుంది. ఎలా తెలుసని అడగకు. ఆరుబయట చెయ్, సిగరెట్ జేబులోంచి తీసి అమ్మకిచ్చి మరీ.

కార్బొరేటర్ ఎలా పనిచేస్తుందో చూపించడానికి నీళ్ల గ్లాసులో గొట్టం నిలబెట్టి, పైన అడ్డంగా ఇంకో గొట్టంతో ఊదమన్నావు ఒకసారి, నీళ్లు పైకెక్కి తుంపరయ్యాయి. పారేదాని వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి తగ్గుతుందని బెర్నౌలీ అనే శాస్త్రవేత్త 1738లోనే పుస్తకంలో రాశాడు. పెట్రోల్‌ని అలా గాల్లో చిమ్మే కార్బొరేటర్‌కి 1893లో హంగరీలో బాంకీ, చొంకా అనే ఇద్దరు పేటెంట్ కోరారు. ఇదంతా నాకు ఇక్కడ చదివాక తెలిసింది గానీ, నువ్వు గ్లాసుతోనే చెప్పేశావు.

నా బండి మొన్న రాత్రి నాలుగు సిలిండర్ల మీదా నడిచింది. ఇంకా నాలుగూ సమానంగా గాలి పీల్చేలా గేజీలు పెట్టి సరిచేయాలి, అది ఈ శనివారం పని.

నువ్వు బిగించాక స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా తీసేసి అప్పుడు ఫోన్ చెయ్. మాట్లాడకు, ఫోన్ సైలెన్సర్ దగ్గర పెట్టు.

నీ
పెద్దమ్మాయి