మార్చి పంపిన స్టైల్స్‌లో టిక్ టిక్: తప్పు మాదే

యమహా కీబోర్డు నుంచి కోర్గ్ కీబోర్డుకి మార్చి పంపిన స్టైల్స్‌లో (కార్డ్ పట్టుకుంటే వెనక డ్రమ్స్, బేస్, గిటార్ వాటంతటవే వాయించే ఫైళ్ళు) కొన్నింటి మీద ఒకే ఫిర్యాదు వస్తోంది. తాళం బాగానే నడుస్తుంది గానీ, మధ్యలో సన్నగా టిక్, టిక్ మంటోంది. మీ కీబోర్డులో లోపమేమీ లేదు, డౌన్‌లోడూ చెడిపోలేదు. కన్వర్టర్ ఇచ్చిన ఫైల్‌ని చివరిదాకా వినకుండా పంపేశాం. ఆ ఫైళ్ళన్నీ సరిచేసి ఉచితంగా మళ్ళీ పంపుతాం.

ఆ టిక్ ఎక్కడిదంటే, డ్రమ్ కిట్‌లో ఒక్కో నోటు నంబరుకి ఒక్కో చప్పుడు ఉంటుంది. యమహా సొంత వరస అయిన ఎక్స్‌జీ డ్రమ్ కిట్‌లో 33వ నోటు మెత్తటి కిక్, 31 మెత్తటి స్నేర్, 29 స్నేర్ రోల్. జీఎం2 అనే ఉమ్మడి వరస పాటించే కిట్‌లో అదే 33 మెట్రోనోమ్ క్లిక్, 31 స్టిక్స్, 29 స్క్రాచ్. 35 నుంచి పైన రెండూ చాలావరకు కలుస్తాయి కాబట్టి మొదటి రెండు బార్లు వింటే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. మీరే దిద్దుకోవాలనుకుంటే 33ని 36కి, 31ని 38కి మార్చి, వెలాసిటీ (దెబ్బ బలం) ఓ 20 తగ్గించండి. 29కి సాటి నోటు లేదు. దాన్ని తీసేసి 38 మీద వేగంగా నాలుగైదు దెబ్బలు మీరే వేసుకోవాలి.

గిటార్‌ది ఇంకో గొడవ. యమహాలోని మెగా వాయిస్ స్టీల్ గిటార్ సౌండ్‌లో వెలాసిటీ అంటే గట్టిగా, మెల్లగా అన్న తేడా ఒక్కటే కాదు. 60 దాకా తెరిచిన తీగ, 61–75 మూగ దెబ్బ, 76–90 మ్యూట్, 91–105 హ్యామర్, 106–120 స్లైడ్, ఆపైన హార్మోనిక్స్. 96వ నోటు నుంచి పైవన్నీ తీగ గీసిన చప్పుళ్ళే. ఇది మామూలు గిటార్ సౌండ్ మీద పడితే మూగ దెబ్బ నిండు స్వరమై మోగుతుంది, స్లైడ్ చెవులు చిల్లులు పొడుస్తుంది, చప్పుళ్ళు కీచుమంటాయి. ముందు 96, ఆపై నోట్లు తీసేయండి. తర్వాత 61–75 మధ్య ఉన్నవి తీసేయండి. ఆ రెండూ అయ్యాకే మిగిలిన వెలాసిటీలను 60–95 మధ్యకు కుదించాలి. వరస తప్పి ముందే కుదిస్తే ఏది మూగ దెబ్బో ఇక పోల్చుకోలేం.

అసలు చిక్కు మాత్రం కార్డ్ మారినప్పుడే. యమహా స్టైల్‌లో నోట్లతో పాటు కాజమ్ అనే భాగం ఉంటుంది. ఏ ఛానల్ ఏ కార్డ్‌లో రికార్డయింది (ఎక్కువగా సీ మేజర్ సెవెన్త్), మీరు వేరే కార్డ్ పట్టుకుంటే ఏ స్వరం ఎటు జరగాలి, ఏ మూలస్వరం దాటితే ఆక్టేవ్ కిందికి దిగాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. మిడి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మళ్ళీ సేవ్ చేస్తే చాలాసార్లు నోట్లు మిగులుతాయి, కాజమ్ రాలిపోతుంది. బేస్ సీ, ఈ, జీ అని నడుస్తోందనుకోండి. ఏ మైనర్ పట్టుకుంటే ఏ, సీ, ఈ రావాలి. రూల్ లేకుండా ఉన్నదున్నట్టు జరిపితే ఏ, సీ షార్ప్, ఈ వస్తుంది. ఆ సీ షార్ప్ మైనర్ కార్డ్‌తో కొట్లాడుతుంది. ఆక్టేవ్ దించే ఆ హద్దు (హై కీ) పోతే బీ కార్డ్‌లో బేస్ పదకొండు మెట్లు పైకెక్కి గిటార్‌లా వినిపిస్తుంది. సీ మేజర్ ఒక్కటే పట్టుకుని పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు. మేం చేసిన పొరపాటు అదే.

కోర్గ్‌లో ఆ రూల్స్‌ని ట్రాక్‌కి ఒక ఎన్‌టీటీగా (కార్డ్ మారితే స్వరాలు ఎటు జరగాలో చెప్పే పట్టిక), మేజర్‌కి, మైనర్‌కి వేర్వేరు కార్డ్ వేరియేషన్లుగా మళ్ళీ కట్టుకోవాలి. బటన్ నొక్కితే అయ్యే పని కాదిది. ఛానళ్ళూ చూసుకోవాలి: యమహాలో 9, 10 రిథమ్, 11 బేస్, కోర్గ్‌లో మామూలుగా 9 బేస్, 10 డ్రమ్స్, 11 పర్కషన్. 9ని, 11ని అటూ ఇటూ మార్చకపోతే బేస్ నోట్లు పర్కషన్ మీద మోగుతాయి.

ఫైల్ పేరు చివర ఎస్‌టీవై ఉంది కదా, నేరుగా ఎందుకు తీసుకోదని కొందరు అడుగుతున్నారు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోరు. యమహాలో అది ఒక్క స్టైల్, కోర్గ్‌లో అది చాలా స్టైల్స్ కలిపిన బ్యాంక్. యమహాలోనే కొత్త స్టైల్ ఫార్మాట్ ఎస్‌ఎఫ్‌ఎఫ్2 ఫైల్‌ని పాత ఎస్‌ఎఫ్‌ఎఫ్1 మోడళ్ళు చదవవు. వాటికోసం మారిస్తే కొత్త గిటార్ రూల్స్ పోతాయి, అది ఎవరు చేసినా అంతే.

ఇకమీదట పెద్ద ప్యాకులు కట్టగట్టి మార్చి ఇవ్వం. ఒక్కో స్టైల్‌ని విడిగా తీసుకుంటాం, మెగా వాయిస్ గిటార్ ఉంటే ఆ భాగాన్ని మళ్ళీ వాయించి పెడతాం. ఆలస్యమవుతుంది, అది ముందే చెబుతున్నాం. ఆర్డర్‌తో పాటు కీబోర్డు పూర్తి మోడల్ పేరు, ఓఎస్ వెర్షన్, ఒరిజినల్ స్టైల్ ఫైల్ పంపండి. మరొకరు అప్పటికే మార్చిన ఫైల్ పనికిరాదు, అందులో ఏం పోయిందో మాకు తెలియదు.

సరిచేసిన ఫైల్ అందగానే వేరియేషన్ 1 నుంచి 4 దాకా (యమహాలో మెయిన్ ఏ నుంచి డీ), ఫిల్స్‌తో సహా, సీ, ఎఫ్ షార్ప్, బీ, ఏ మైనర్, జీ సెవెన్త్ పట్టుకుని వినండి. లోడ్ చేసేముందు మీ పాత బ్యాంక్‌ని యూఎస్‌బీలో దాచుకోండి. తేడా ఉంటే ఫైల్ పేరు, సెక్షన్, కార్డ్ మూడూ రాయండి. ‘బాగా రాలేదు’ అని ఒక్క ముక్క రాస్తే ఎక్కడని వెతుకుతాం?