పాలిచ్చే సీల్‌ను చేపల వరుసలో పెడతారా?

సంపాదకుడికి నమస్కారం.

గత వారం దేవరకొండ దగ్గర ఒక బడిలో జరిగిన సైన్స్ క్విజ్ చూడటానికి వెళ్లాను. సీల్ ఏ జాతి జంతువని అడిగితే ఏడో తరగతి పాప తడుముకోకుండా ‘క్షీరదం’ అంది. తప్పన్నారు. గోడకున్న పటం చూపించారు. అందులో సొరచేపకూ కొర్రమీనుకూ మధ్య సీల్ బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో ‘సీల్ చేప’ అని ఉంది. పాప ఆ పటం వైపు ఒకసారి చూసి, తల దించుకుని కూర్చుంది. ఇంటికొచ్చినా ఆ ముఖమే నా కళ్ల ముందు మెదులుతోంది.

పాప చెప్పిందే నిజం. క్షీరం అంటే పాలు. బిడ్డకు పాలిచ్చేది క్షీరదం. నీళ్లలో ఉన్నంత మాత్రాన చేప అయ్యేటట్లయితే, ఎండాకాలం చెరువులో ముక్కు మాత్రం పైకి పెట్టి మునిగి ఉండే బర్రెలనూ చేపలనే అనాలి. సీల్‌కు మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. అంటార్కిటికాలో వెడెల్ సీల్ మంచు కింద వేటాడుతూ, గాలి కోసం మళ్లీ మళ్లీ పైకి రావాల్సిందే. అందుకే మంచులోని కంత పూడిపోకుండా పళ్లతో గీరుతూ ఉంటుంది. గీరి గీరి చివరికి ఆ పళ్లే అరిగిపోతాయి. మొప్పలుంటే ఈ తిప్పలెందుకు? దాని ఒంటి మీద వెంట్రుకలుంటాయి, రక్తం వెచ్చగా ఉంటుంది, రెక్కల్లా కనిపించే ముందుకాళ్ల లోపల ఐదు వేళ్ల ఎముకలుంటాయి.

ఇక పాల సంగతి. మన జిల్లా పిల్లలకు ఇది చెప్పడం ఎంత తేలిక! పొద్దున్నే పాల కేంద్రానికి క్యాను మోసుకెళ్లి, వెన్న శాతం ఎంత వచ్చిందో చీటీలో చూసుకునే ఇళ్లలో పెరుగుతున్నారు వాళ్లు. బర్రె పాలకు 7 శాతం వస్తే ఇంటిల్లిపాదికీ సంతోషం. ఉత్తర అట్లాంటిక్ మంచు మీద ఈనే హుడెడ్ సీల్ పాలలో వెన్న 60 శాతం దాకా ఉంటుంది. తల్లి పాలిచ్చేది 4 రోజులే, అంతలోనే పిల్ల బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఈ ఒక్క ముక్క విన్న పిల్లలు సీల్‌ను ఇక చేప అనరు.

ఉపాధ్యాయులను నేను తప్పుపట్టడం లేదు, బజారులో కొన్న పటాన్ని నమ్మారు. జిల్లా విద్యాశాఖ అధికారులు బడుల్లోని ఇలాంటి పటాలన్నిటినీ ఒకసారి సరిచూయించాలి. కొత్తవి వచ్చేదాకా ఆ బొమ్మ కింద తెల్లకాగితం అంటించి ‘క్షీరదం’ అని రాస్తే చాలు. రాసే పని ఆ పాపకే అప్పగించి, పోయిన మార్కు ఆమెకు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా