బిళ్ళగన్నేరు మొలవలేదా? తప్పు మీది కాదు, నాది

జూన్‌లో మా దగ్గర బిళ్ళగన్నేరు, గైలార్డియా విత్తనాలు తీసుకున్నవాళ్లందరికీ ముందుగా క్షమాపణ. ప్యాకెట్ వెనక అతికించే స్టిక్కర్లు తారుమారయ్యాయి. పొరపాటు ప్రెస్ వాళ్లది కాదు, రాత్రి పదకొండింటికి కూర్చుని అతికించిన నాదే. ఒకావిడ ఫోన్ చేసి "నా చెయ్యి మంచిది కాదేమోనండీ" అన్నారు. అప్పుడు ప్యాకెట్ తిప్పి చూస్తే విషయం తెలిసింది.

బిళ్ళగన్నేరు గింజ చీకట్లో మొలుస్తుంది. పైన పలచగా మట్టి కప్పి, తడిపి, మొలక కనబడేదాకా ట్రే మీద అట్టముక్క పెట్టాలి. మొలక రాగానే అట్ట తీసెయ్యాలి, లేకపోతే తీగల్లా సాగిపోతాయి. గైలార్డియాది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి వెలుతురు కావాలి. మట్టి మీద చల్లి వేలితో మెల్లగా అదిమితే చాలు, కప్పకూడదు. మేం ఒకదాని పద్ధతి ఇంకోదానికి రాశాం.

ప్యాకెట్‌లో గింజలు మిగిలి ఉంటే పైన చెప్పినట్టు మళ్లీ వేసి చూడండి. అయిపోతే వాట్సాప్‌లో ప్యాకెట్ ఫొటో పెట్టండి, కొత్తది మా ఖర్చుతోనే పంపిస్తాం. వానలు తగ్గకుండా బిళ్ళగన్నేరు నారు పోస్తే మాత్రం నీళ్లతో జాగ్రత్త. మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతే అది నారుకుళ్లు. ఇక్కడ చాలామంది ప్రేమతోనే చంపేస్తారు, నేనూ చంపాను.

ఈ టెన్షన్ ఏదీ వద్దనుకుంటే చంద్రకాంత వేసుకోండి. మిరియం గింజంత ఉంటుంది, గోడ వారన వేలితో గుచ్చితే చాలు. ఎండలకి పైన చచ్చినట్టు కనిపించినా కింద దుంప బతికే ఉంటుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. ఒకే చెట్టుకి పసుపు, గులాబి, రెండూ కలిసిన చారల పూలు రావడం చూస్తే నాకు ఇప్పటికీ సరదాయే. గింజలు మాత్రం విషం, పిల్లలకి అందనివ్వకండి. శంఖుపువ్వూ సులువే. గింజ పెంకు గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద ఒకసారి రుద్ది, రాత్రంతా నానబెట్టి వేయండి.

ఢిల్లీ కనకాంబరం విత్తనాలు ఎప్పుడు పెడతారని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. పెట్టలేం. ఆ రకం గింజ కట్టదు, కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. ఎవరైనా గింజలని అమ్మితే అవి వేరే రకానివే అయ్యుంటాయి. మామూలు కనకాంబరం గింజలైతే కొన్ని ఉన్నాయి. ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే టప్పున పగిలి గింజ ఎక్కడికో ఎగిరిపోతుంది. అందుకే వెన్నులకి గుడ్డసంచులు కట్టి ఏరుతున్నాం, ధర కాస్త ఎక్కువ పడింది.

కొత్త స్టిక్కర్లు వచ్చేదాకా బిళ్ళగన్నేరు, గైలార్డియా ఆర్డర్లు ఆపేశాం. ఈసారి అతికించేది మా చెల్లెలు, పగటి పూట.