విరుగుడు మందుల ప్యాకింగ్‌నూ పట్టించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం సాగు మొదలైతే ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపు ఊళ్లలో పాము కాట్లు పెరుగుతాయి. పత్తికి మందు కొట్టే రోజుల్లో పురుగుల మందు ఒంటికి పట్టిన కేసులూ వస్తాయి. అప్పుడు అందరూ అడిగేది పీహెచ్‌సీలో విరుగుడు ఇంజక్షన్ ఉందా లేదా అనే. అది అడగాల్సిందే. ఆ మందు ఎలాంటి సీసాలో వచ్చింది, ఎండాకాలమంతా ఎక్కడ ఉంది అని కూడా అడగాలి. చాలాకాలం మందుల గదిలో పనిచేసిన ఫార్మసిస్టుగా ఇది చెబుతున్నాను.

పాము విషానికి ఇచ్చే యాంటీ వెనమ్ గుర్రం రక్తం నుంచి తీసే ప్రొటీన్. ద్రవంగా వచ్చే మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, గడ్డకట్టనీయకూడదు. వేడి తగిలితే ప్రొటీన్ ముద్దకట్టి మందు మసకబారుతుంది. అలాంటిది ఎక్కించకూడదు. పొడిగా వచ్చే మందు వేడిని ఇంతకంటే బాగా తట్టుకుంటుంది కానీ దానికి తేమ పడదు. రబ్బరు మూతలోనే కొంత తేమ ఉంటుంది. తయారీలో మూతను సరిగా ఆరబెట్టకపోయినా, పైన అల్యూమినియం సీలు వదులైనా ఆ తేమ నెలల తరబడి పొడిలోకి చేరుతూనే ఉంటుంది. పొడి కుంచించుకుపోతుంది. నీళ్లు కలిపితే తొందరగా కరగదు. కట్లపాము కరిచి ఊపిరి అందని మనిషి మంచం మీద ఉన్నప్పుడు ఆ ఆలస్యం ఎంత టెన్షనో నర్సమ్మలను అడగండి.

పురుగుల మందు కేసుల్లో ఇచ్చే అట్రోపిన్ సంగతీ ఇంతే. నాసిరకం గాజు నుంచి క్షారం ద్రావణంలోకి దిగితే మందు రసాయనికంగా విడిపోయి పాడవడం వేగమవుతుంది. అందుకే క్షారం అంతగా దిగని బోరోసిలికేట్ గాజు ఆంప్యూల్ (మెడ విరిచి వాడే చిన్న సీసా) కావాలి. వెలుతురు సోకకుండా అట్టపెట్టె కావాలి. ఫ్రిజ్‌లో చోటు చాలదని పెట్టెలు పారేసి సీసాలను విడిగా పేర్చడం మన దగ్గర మామూలైపోయింది. చెమ్మకు లేబుల్ ఊడితే బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా తెలియవు.

పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మేలో 45 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో అది సాధ్యం కావాలంటే మందులు కొనే రాష్ట్ర సంస్థ టెండర్లలోనే గాజు రకం, మూత నాణ్యత షరతులుగా పెట్టాలి. కరెంటు నిలకడ లేని ఏజెన్సీ పీహెచ్‌సీలకు పొడి మందే పంపాలి. పోలియో చుక్కల సీసా మీద వేడికి రంగు మారే గుర్తు ఉంటుంది కదా, ద్రవ యాంటీ వెనమ్ సీసాలకూ అలాంటిది అడగాలి. వచ్చే వానాకాలం లోపు జిల్లా వైద్యాధికారులు ప్రతి పీహెచ్‌సీలో ఉన్న విరుగుడు సీసాలను బయటికి తీయించి మూత, సీలు, లేబుల్ చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, నర్సంపేట, వరంగల్ జిల్లా