చైనా సంగీతం అంతా ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో విదేశాల్లో ఉంటున్న చైనా సంగీతకారుల మీద వ్యాసం వేశారు, సంతోషమే. కానీ ఆ సంగీతమంతా పుట్టిన దేశం మీద బెంగ, ధ్యానం, మనశ్శాంతి అన్నట్టు రాసుకుంటూ పోయారు. సింగపూర్‌లో ఉంటున్న నాకు అది మింగుడుపడలేదు.

వూ మాన్ లాంటి పిపా (వీణలా తీగలు మీటే చైనా వాద్యం) కళాకారిణి బీజింగ్‌లో సంగీతం చదువుకుని 1990లో అమెరికా వెళ్లారు, అది కచేరీ వేదికల కథ. ఇక్కడి నాన్యిన్ కథ వేరు. ఫుజియాన్ రాష్ట్రంలోని క్వాన్‌జౌ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన హొక్కియెన్ వాళ్లు వెంట తెచ్చుకున్న సంగీతం అది. పిపాని అడ్డంగా పట్టుకుని మీటుతారు, నిలువు వేణువు ఊదుతారు, పాడేవాళ్లే చెక్కతాళం వేసుకుంటారు. 1941లో పెట్టిన సియాంగ్ లెంగ్ సంఘం ఇప్పటికీ నేర్పుతోంది. ఇక భక్తి అంటారా, వీళ్లకో దేవుడున్నాడు, పదో శతాబ్దంలో షు రాజ్యాన్ని ఏలి చివరికి పోగొట్టుకున్న మెంగ్ చాంగ్. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి ఆయనకు పూజ చేసి, ఆయన ముందే వాయించి, గతించిన కళాకారుల్నీ తలుచుకుంటారు. మన త్యాగరాజ ఆరాధన లాంటిదే అనుకోండి. ఓడిపోయిన రాజుని దేవుణ్ణి చేసుకోవడం మాత్రం నాకు భలే నచ్చింది!

దీనికి గట్టి దెబ్బ తగిలింది ‘చైనీయులంతా ఒకటే’ అనే ఆలోచన వల్ల. 1979లో ఇక్కడి ప్రభుత్వం చైనీయులంతా చైనా అధికార భాష మాండరిన్ మాట్లాడమని ప్రచారం మొదలుపెట్టి, హొక్కియెన్, కాంటొనీస్ లాంటి ఇంటి భాషల్ని రేడియో, టీవీల్లోంచి మెల్లగా తప్పించేసింది. నాన్యిన్ పాడేదేమో క్వాన్‌జౌ యాసలో. ఇంట్లో ఆ మాటే వినపడని పిల్లలకు పాట ఎక్కాలంటే ఎంత కష్టమో చెప్పండి.

మనకూ ఇందులో వాటా ఉంది. సింగపూర్ బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకునే వీలుంది, తెలుగుకే లేదు. మనవాళ్ల పిల్లలు హిందీయో తమిళమో చదువుకుంటూ, త్యాగరాజ కీర్తనల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని పాడటం నేను చూస్తూనే ఉన్నాను. దీని గురించి కూడా ఒక ఆదివారం రాయండి. చైనా వాళ్ల గురించి మళ్లీ రాసేటప్పుడు ఏ ఊరి పాట, ఏ భాషలో, ఏ దేవుడి ముందు పాడతారో దయచేసి అడిగి రాయండి.

- ఒక పాఠకుడు, సింగపూర్